పదివేల లైకులు కొనొచ్చా?

ప్రశ్న: ఇంట్లోనే గుడ్డ సంచులు, పర్సులు కుట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో అమ్ముతున్నాను. ఈమధ్య పోస్టులకు లైకులు బాగా తగ్గాయి, ఆర్డర్లూ తగ్గాయి. పదివేల లైకులు, ఫాలోయర్లు ఇప్పిస్తామని ఒకరు ప్యాకేజీ చెప్పారు. ప్రతి నెలా పోస్టులు బూస్ట్ చేయమని, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించమని ఇంకొకరి సలహా. అత్యవసరానికని దాచిన డిపాజిట్ తీసి ఇందులో పెట్టొచ్చా? ‘లైకులతో ఇల్లు గడుస్తుందా?’ అంటున్నారు మావారు. అసలు వాటికి అంత విలువ ఉందా?

జవాబు: డిపాజిట్ తీయకండి. ప్యాకేజీ కొనకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాది చదివేలోపు ఆ ప్యాకేజీవాళ్లు మళ్లీ ఫోన్ చేసినా చేస్తారు.

లైకులకు విలువ ఉందా అంటే, ఉంది. మీవారు అన్నట్టు వాటితో ఇల్లు గడవదు. కానీ కొత్తగా కొనేవాళ్లు మీదాకా రావడానికి అయ్యే ఖర్చు వాటిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. నేను చూసే లెక్క అదే.

ఒకప్పుడు పోస్టు పెడితే వరసలో అందరికీ కనబడేది. 2016 నుంచి ఇన్‌స్టాగ్రామ్ ఆ పద్ధతి మార్చింది. వ్యాపార పేజీల కన్నా స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే ముందు చోటిస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. అంటే మీ ఫాలోయర్లలోనే చాలామందికి మీ కొత్త సంచి కనబడకపోవచ్చు. చూసినవాళ్లు ఆగారా, కామెంట్ పెట్టారా, దాచుకున్నారా, ఎవరికైనా పంపారా అన్నదాన్ని బట్టి అది ఇంకెందరికి వెళ్లాలో తేలుతుంది. మిమ్మల్ని ఇంకా ఫాలో కానివాళ్లకు పోస్టు చేరడంలో లైకు కన్నా, స్నేహితులకు పంపడానికే బరువెక్కువని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025లో చెప్పారు.

డబ్బిచ్చి వేయించే ప్రకటనకూ దీనితో సంబంధం ఉంది. ప్రకటన చూపించే చోటు కోసం అక్కడ జరిగేది ఒక వేలం. అయితే ఎక్కువ పాడినవాళ్లే గెలుస్తారని లేదు. ఈ ప్రకటన చూసి జనం స్పందిస్తారా, ఇది నాణ్యంగా ఉందా అన్న అంచనాను కూడా కలిపి చూస్తారు. జనానికి నచ్చే పోస్టు అదే డబ్బుతో ఎక్కువమందికి చేరగలదు.

అంకెల్లో చూద్దాం. సంచి ధర 100 అనుకోండి. గుడ్డ, జిప్పు, కొరియర్, మీ కుట్టుకూలి (మీ కూలి తప్పక కలపండి, చాలామంది వదిలేస్తారు) పోను 40 మిగులుతుంది. ప్రకటనకు 1,000 పెడితే 20 మంది కొత్తవాళ్లు కొన్నారు. తలకు 50 పడింది, అంటే ఒక్కో సంచి మీద 10 నష్టం. వాళ్లలో సగం మంది మళ్లీ ఒక్కసారి కొంటే మొత్తం 30 ఆర్డర్లు, 1,200 మిగులు, ఖర్చు పోను 200. అదే 1,000తో, జనం బాగా స్పందించిన పోస్టుకు 40 మంది వచ్చారనుకోండి. తలకు 25. మొదటి ఆర్డర్‌లోనే 600 మిగిలాయి. మంచి పోస్టు విలువ ఈ తేడాలో ఉంది. లైకుల అంకెను విడిగా చూస్తే ఏమీ తెలియదు.

కొన్న లైకులతో ఈ తేడా రాదు. ఆ ఖాతాల వెనక సంచి కొనే మనిషే ఉండడు. పైగా మీ పేజీతో సంబంధం ఉన్నవాళ్లను పోలినవాళ్లకు ప్రకటన చూపించమని తర్వాత మీరు అడిగితే, ఆ నకిలీ ఖాతాలే నమూనా అవుతాయి. తర్వాత పెట్టే డబ్బు కూడా దారి తప్పుతుంది. నకిలీ లైకులు అమ్మేవాళ్ల మీద 2019లో ఫేస్‌బుక్ స్వయంగా కోర్టుకెక్కింది. ఖాతా పోతే నష్టపోయేది మీరే, ప్యాకేజీవాళ్లు కాదు.

బూస్ట్ నొక్కేముందు ఒకటి చూసుకోండి. ఏ ఫలితం కావాలని అది అడుగుతుంది. లైకులు, కామెంట్లు కావాలంటే లైకు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి పెడుతుంది, వాళ్లకు కొనే ఉద్దేశం ఉండాలని లేదు. మెసేజ్‌లో కొనుగోలు మాట్లాడుకునే మీలాంటివాళ్లకు మెసేజ్‌లు రావాలన్న ఎంపికే నయం. ‘బూస్ట్ చేశాను, లైకులొచ్చాయి, అమ్మకం లేదు’ అని నాకు రాసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ముక్కూమొహం తెలియని అమ్మకందారుకు ముందే డబ్బు పంపాలంటే ఎవరికైనా భయమే. అందుకే కొనేవాళ్లు మీ పాత పోస్టుల కిందికి వెళ్లి చూస్తారు: అడిగినదానికి జవాబిచ్చారా, కొన్నవాళ్లు ఏమన్నారు అని. ‘ధర ఎంత?’ అన్న కామెంట్‌కు నాలుగు రోజులుగా జవాబు లేకపోతే, వెయ్యి లైకులున్నా వెనక్కి తగ్గుతారు. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, రోజూ కాసేపు టైమ్ చాలు.

ఇక పేజీని ఆస్తి కింద లెక్క వేయకండి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది, అక్కడ పోగుచేసుకున్న ఫాలోయర్లూ దానితోనే పోయారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ గంటల తరబడి ఆగిపోయాయి. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నవి వాళ్ల అనుమతితో ఒక పుస్తకంలోనో షీట్‌లోనో మీ దగ్గర ఉండాలి. మళ్లీ కొనే ఆ సగం మందికి చెప్పడానికి ప్రకటన ఖర్చు ఉండదు.

ఖర్చు ఎంతవరకు? ఆర్డర్ల మీద మిగిలినదాంట్లోంచి పదో వంతు చాలు, అదీ మూడు నెలలే. ఏ నెల మిగలకపోతే ఆ నెల ప్రకటన లేదు. డబ్బివ్వకుండానే జనం పంపుకున్న, దాచుకున్న పోస్టులనే బూస్ట్‌కు ఎంచుకోండి. ప్రతి నెలాఖరున ప్రకటన ఖర్చును కొత్తగా కొన్నవాళ్ల సంఖ్యతో భాగించండి. మూడో నెలకూ ఆ అంకె ఒక్కో ఆర్డర్ మీద మీకు మిగిలేదాని కన్నా కిందికి రాకపోతే బూస్ట్ ఆపేసి, ముందు ఫోటోలు, ధర, కొరియర్ ఛార్జీ చూసుకోండి. ఆర్డర్లు తగ్గడానికి కారణం అక్కడే ఉండొచ్చు.