తెలివి పెరిగితే ఆశ్చర్యం పోవాలా?

"లోకం తెలిసిన పెద్దవాళ్లు పసిమనసును, ఆశ్చర్యాన్ని నిలుపుకోగలరా?" అని అడిగారు. నిక్షేపంగా నిలుపుకోవచ్చు. నేను చూసినంతలో ఆశ్చర్యాన్ని చంపేది సగం తెలివి. పేరు తెలియగానే సంగతంతా తెలిసిపోయిందనుకునే రకం.

ఓ రాత్రి కరెంటు పోయింది. మా అన్నయ్య కూతురు కొవ్వొత్తిని ఊదేసి, "అత్తా, ఒత్తిని ముట్టుకోకుండా వెలిగించనా?" అంది. ఒత్తి నుంచి సన్నగా లేస్తున్న తెల్లటి పొగకు, రెండంగుళాల ఎత్తులో, వెలుగుతున్న అగ్గిపుల్ల చూపించింది. మంట ఆ పొగ వెంట సర్రున కిందికి దిగి ఒత్తిని అందుకుంది! నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. ఆ తెల్లటిది చల్లారుతున్న మైనపు ఆవిరి అని, కొవ్వొత్తిలో అసలు మండేది ఆ ఆవిరేనని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నోరు తెరుచుకుని చూశాను. ఇంకోసారి, ఇంకోసారి అంటూ అగ్గిపెట్టె ఖాళీ చేశాం. కాస్త గాలి కదిలినా పొగ చెదిరిపోతుంది కాబట్టి ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కిటుకు తెలిసిన నాకే ఎక్కువ ఆనందం కలిగిందని నా గట్టి నమ్మకం. ఆ పిల్ల ఒప్పుకోదు.

మా అన్నయ్య మాత్రం "ఇందులో ఏముంది?" అని ఫోనులో తల దూర్చాడు. ఈ మాట అనేవాళ్లను, మంట పసుపుపచ్చగా ఎందుకుంటుందో అడిగి చూడండి. కాలకుండా మిగిలిన మసి రేణువులు వేడికి వెలగడం వల్ల అని ఒక్కరూ చెప్పరు. విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుడుతుందని కనిపెట్టిన మైకేల్ ఫారడే 69 ఏళ్ల వయసులో, 1860 క్రిస్మస్ సెలవుల్లో, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలను కూర్చోబెట్టి కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఈ పొగ ముచ్చట కూడా చూపించాడు. ఆయనకు కనిపించింది మా అన్నయ్యకు కనిపించలేదంటే లోపం కొవ్వొత్తిదా?

అన్నట్టు, ఫోనుకు వచ్చే ప్రతి మహిమనూ నమ్మి పదిమందికి పంపేవాళ్లు తమది పసిమనసు అని మురిసిపోతుంటారు. పసివాళ్లు అంత తేలిగ్గా నమ్మరండీ, "ఎందుకు?" అంటూ ప్రాణం తోడేస్తారు. "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అని వాళ్ల నోరు మూయించేది మనమే. అలా నోరు మూసుకుని పెద్దయినవాళ్లే ఇప్పుడు ధ్యాన శిబిరాలకు వెళ్లి, డబ్బు కట్టి మరీ, ఆకును తదేకంగా చూడటం నేర్చుకుంటున్నారు.