నీలం మచ్చ సంగతి సరే, ఆ ఎర్ర చుక్కను చూపించండి

ప్రశ్న: మా పాపకు 24 రోజులు. పిర్రల మీద పుట్టుకతోనే అరచెయ్యంత నీలం మచ్చ ఉంది. గ్రహణం మచ్చ అంటున్నారు. సున్నిపిండితో గట్టిగా రుద్దితే పోతుందని మా అత్తగారు చెబుతున్నారు. పది రోజులుగా కింది పెదవి అంచున చిన్న ఎర్ర చుక్క కూడా వచ్చి కాస్త పెరిగింది. ఏం చేయాలి?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: మీరు భయపడుతున్న నీలం మచ్చతో ఏ ఇబ్బందీ లేదమ్మా. చివర్లో చెప్పిన ఎర్ర చుక్కనే ఈ వారంలో డాక్టరుకు చూపించాలి.

మన పిల్లల్లో నడుము కింద నీలం మచ్చలు చాలా మామూలు. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్ని లోపలి పొరలోనే ఉండిపోతాయి. లోతు వల్ల ఆ నలుపు మనకు నీలంగా కనిపిస్తుంది. గ్రహణానికి ఏ పాపమూ తెలియదు. చాలామందికి నాలుగైదేళ్లకల్లా వెలిసిపోతుంది. రంగు లోపల ఉన్నప్పుడు పైన రుద్ది లాభం లేదు, లేత చర్మం ఒరుసుకుపోవడం తప్ప. మచ్చ ఉన్నట్టు టీకాల కార్డులో రాయించుకోండి. లేకపోతే రేపెవరైనా దెబ్బ తగిలి కమిలిందనుకుంటారు.

ఇక ఎర్ర చుక్క. పుట్టినప్పుడు లేకుండా రెండో వారంలో మొదలై పెరుగుతోందంటే హిమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ కావచ్చు. ఇది 5 నుంచి 8 వారాల మధ్య జోరుగా పెరుగుతుంది. వీపు మీద చిన్నదైతే కనిపెట్టుకుని ఉంటే చాలు, ఏడాది నిండాక దానంతటదే కుంచించుకుపోతూ వస్తుంది. పెదవి మీద అలా కుదరదు. పాలు తాగేటప్పుడు ఒరుసుకుని పుండు పడుతుంది, మానినా మచ్చ మిగిలి పెదవి ఆకారం మారొచ్చు. కంటిరెప్ప, ముక్కు కొన మీద వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఒంటి మీద ఇలాంటివి ఐదు, అంతకు మించి ఉంటే కాలేయానికి స్కానింగ్ చేయిస్తారు.

అవసరమైతే ప్రొప్రనొలాల్ అనే మందు మొదలుపెడతారు. ముందు గుండె వేగం చూసి, బరువును బట్టి మోతాదు కడతారు కాబట్టి సొంతంగా కొని వేయొద్దు. పాలు తాగాకే వేయాలి. వాంతులై పాప పాలు తాగకపోతే ఆ పూట మందు ఆపి డాక్టరుకు చెప్పండి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఈలోగా మూడు రోజులకోసారి ఒకే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పట్టుకుని ఫొటో తీయండి. పెరుగుదల డాక్టరుకు ఇట్టే తెలుస్తుంది. రక్తం కారితే పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. అప్పటికీ ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.