లోంజో బాల్‌ని పాయింట్లతో తూచకండి

"యూసీఎల్‌ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో లోంజో బాల్ కొట్టింది మ్యాచ్‌కి 14.6 పాయింట్లే కదా, జట్టంతా ఆ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) వల్లే మారిందని ఎందుకంటారు?" అని ఒకరు అడిగారు. పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి నడిపి ఆటని మలిచేవాడిని, పాయింట్లతో తూస్తే అంతుపట్టదండీ.

2015–16లో ఆ జట్టు 15 గెలిచి 17 ఓడింది. అతనొచ్చిన ఏడాది 31 గెలిచి 5 మాత్రమే ఓడింది. మ్యాచ్‌కి 7.6 అసిస్టులతో (సహచరుడు బాస్కెట్ వేయడానికి దారితీసిన పాసులు) దేశంలోనే మొదటివాడు. (టీజే లీఫ్ అనే మరో ఫ్రెష్‌మన్ కూడా ఆ ఏడాదే చేరాడు, ఘనతలో అతనికీ వాటా ఉంది.)

ఆ సీజన్ మ్యాచ్ ఒకటి పెట్టుకుని, రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) పట్టిన మరుక్షణం లోంజోని గమనించండి. తల అప్పటికే పైకెత్తి ఉంటుంది. డ్రిబుల్ చేస్తూ రాకుండా ఒక్క పాస్ విసురుతాడు, అది సగం కోర్టు దాటి ముందు పరిగెడుతున్నవాడి చేతిలో పడుతుంది. అవతలివాళ్ళు ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉంటారు! అంతకుముందు బంతి నడిపిన బ్రైస్ ఆల్ఫర్డ్‌కి ఆ బరువు దిగి, షూటింగ్ మీదే ధ్యాస పెట్టగలిగాడు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే.

డిఫెన్స్ మాత్రం అతను చక్కదిద్దలేకపోయాడు. స్వీట్ సిక్స్‌టీన్‌లో (జాతీయ కాలేజీ టోర్నమెంట్‌లో చివరి 16 జట్ల రౌండ్) కెంటకీ జట్టు ఫ్రెష్‌మన్ పాయింట్ గార్డ్ డియారన్ ఫాక్స్ 39 పాయింట్లు కొట్టి యూసీఎల్‌ఏని ఇంటికి పంపాడు.