హాల్‌స్టాట్ చూడండి, రాత్రికి మాత్రం పక్క ఊళ్ళో ఉండండి

ప్రశ్న: మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. జూన్‌లో నేనూ మావారూ తన దగ్గరికి వెళ్తున్నాం. ఒక శని ఆదివారాలు ఎక్కడైనా సరస్సు పక్కన చిన్న ఊళ్ళో గడుపుదామని అమ్మాయి ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఫొటోలు పంపింది. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ మావారికి మోకాళ్ళ నొప్పులు, జనాన్ని చూస్తే చిరాకు, పైగా మేం శాకాహారులం. అంత దూరం వెళ్తే నిజంగా ప్రశాంతంగా ఉంటుందా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఫొటోల్లో కనిపించే ప్రశాంతత అక్కడ లేదని కాదండీ, పొద్దున్నే ఉంటుంది, మళ్ళీ టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక సాయంత్రం ఉంటుంది. మధ్యలో మాత్రం సుల్తాన్ బజారే. పట్టుమని 800 మంది కూడా లేని ఊరు, సీజన్‌లో రోజుకి 10,000 మంది దాకా వచ్చిపడతారు. 1997లో యునెస్కో జాబితాలో చేరింది, 2012లో చైనావాళ్ళు గ్వాంగ్‌డాంగ్‌లో ఈ ఊరికి నకలు కూడా కట్టేసుకున్నారు, ఆ తర్వాత అసలు ఊరికి గిరాకీ ఇంకా పెరిగింది. చివరికి 2023 ఆగస్టులో ఊరివాళ్ళే రోడ్డెక్కారు. రోజుకి ఇంతమందే రావాలని పరిమితి పెట్టండి, సాయంత్రం 5 దాటాక బస్సుల్ని రానివ్వకండి అని. మీవారికి జనం అంటే చిరాకు అన్నారు కదా, ఆయన ఆ ధర్నాలో కూర్చున్నా ఆశ్చర్యం లేదు.

అందుకని మా సలహా, గది ఒబర్‌ట్రౌన్‌లో తీసుకోండి. అదే సరస్సు, అవే కొండలు, రైల్లో హాల్‌స్టాట్ తర్వాతి స్టాపు. సరస్సు ఒడ్డున చదునైన నేల, గడ్డి, చెట్లు, కూర్చోవడానికి బెంచీలు, మోకాళ్ళకి పరీక్ష లేదు. ఇంకో లాభం ఏమిటంటే, హాల్‌స్టాట్ రైల్వే స్టేషన్ ఊళ్ళో ఉండదు, సరస్సుకి అవతలి గట్టున ఉంటుంది, దిగి పడవెక్కి ఊళ్ళోకి రావాలి, సాయంత్రం ఆలస్యంగా చేరితే పడవ దొరకదు, సూట్‌కేసులతో టెన్షన్. ఒబర్‌ట్రౌన్‌లో ఆ బాధ లేదు, దిగి నడుచుకుంటూ వెళ్ళిపోవడమే.

హాల్‌స్టాట్‌ని మొత్తానికే మానేయమనడం లేదు. పొద్దున్నే కాఫీ తాగి ఒక స్టాపు వెనక్కి రైల్లో వెళ్ళండి, పడవ రైలు టైముకే ఉంటుంది. సరస్సు వెంట ఉన్న వీధి సాఫీగా ఉంటుంది, దాని మీంచి పైకి వెళ్ళే సందులన్నీ మెట్లే. పైన చర్చి పక్కన ఒక చిన్న గుడిలాంటి గదిలో పన్నెండు వందల దాకా పుర్రెలు పేర్చి ఉంటాయి, సగానికి సగం పువ్వులూ పేర్లూ గీసి రంగులు వేసినవి. కొండకీ నీళ్ళకీ మధ్య శ్మశానానికి చోటు చాలక, పాత సమాధులు తవ్వి ఎముకలు అక్కడ పెట్టేవారు. మీరూ అమ్మాయీ ఎక్కి చూసి రండి, మీవారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టండి. బస్సులు రావడం మొదలయ్యేసరికి మీరు తిరుగు పడవలో ఉండాలి.

మధ్యాహ్నం ఆకాశం తేటగా ఉంటే ఒబర్‌ట్రౌన్ నుంచే క్రిప్పెన్‌స్టైన్ కొండ మీదికి కేబుల్ కార్ ఉంది, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తు. జూన్‌లో కూడా పైన అక్కడక్కడా మంచు ఉంటుంది, స్వెట్టర్ తీసుకెళ్ళండి. మబ్బు పట్టి ఉంటే మాత్రం టికెట్ డబ్బులు దండగ, తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనపడదు. ఆ ప్రాంతంలో వానలు ఎక్కువ, గొడుగులు మరిచిపోకండి. ఇంతకు మించి ప్లాన్ చేయకండి. మనవాళ్ళు యూరప్ వెళ్తే రోజుకి మూడు ఊళ్ళు చూస్తే గానీ డబ్బులు గిట్టుబాటు కాలేదనుకుంటారు, విశ్రాంతి కోసం వెళ్ళి అలిసిపోయి వస్తారు.

ప్రయాణం సంగతి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, అక్కడి నుంచి అట్నాంగ్-పుఖ్‌హైమ్‌లో రైలు మారాలి, మొత్తం నాలుగైదు గంటలు వేసుకోండి. బవేరియా టికెట్ అని ఒకటుంది, ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద లోకల్ రైళ్ళలో సాల్జ్‌బర్గ్ వరకూ వెళ్ళొచ్చు, శని ఆదివారాల్లో రోజంతా చెల్లుతుంది, మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే. అక్కడి నుంచి ఆస్ట్రియా టికెట్ వేరే. మీ జర్మనీ షెంజెన్ వీసాతోనే ఆస్ట్రియా వెళ్ళొచ్చు, వేరే వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు రైల్లోకి వచ్చి అడుగుతారు.

ఇక తిండి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, హోటల్ వద్దు. అక్కడ ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే కొనేయాలి. హోటల్లో కూరగాయల సూప్ అన్నా మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు, అడగందే తాగకండి. చీజ్ వేసిన ష్పెట్స్‌లె అని పిండితో చేసే నూడుల్స్ లాంటి వంటకం బాగుంటుంది, అయితే ఆ పిండిలో గుడ్డు ఉంటుంది, ముందే చెప్తున్నాం. ఆవకాయ, కందిపొడి ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టకండి, బయటి దేశాల పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు.

ప్రశ్న: స్విట్జర్లాండ్‌లో ఇసెల్ట్‌వాల్డ్ అనే ఊళ్ళో ఉండాలని మా పాప పట్టుబడుతోంది. కొరియన్ సీరియల్లో చూసిందట.
- ఒక తండ్రి, సైనిక్‌పురి

జవాబు: ఆ సీరియల్లో హీరో పియానో వాయించిన చెక్క రేవు మీదికి వెళ్ళాలంటే ఇప్పుడు గేటు దగ్గర 5 ఫ్రాంకులు కట్టాలి. జనం తాకిడి అంత. పాపని పడవలో తీసుకెళ్ళి ఫొటో తీయించండి, మీరు ఉండటానికి అదే బ్రియెంజ్ సరస్సు ఒడ్డున బోనిగెన్ చూసుకోండి.

ప్రశ్న: యూరప్ బడ్జెట్ లేదు, వీసా ఓపిక లేదు. లాంగ్ వీకెండ్‌కి విదేశంలో ఒక సరస్సు చెప్పండి బాస్.
- ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, కొండాపూర్

జవాబు: నేపాల్. పోఖరాలో ఫేవా సరస్సు అందరికీ తెలుసు, మీరు అక్కడ ఆగకుండా పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న బేగ్నాస్‌కి వెళ్ళండి. తెడ్డు పడవలు, పొలాలు, ఆకాశం తేటగా ఉంటే అన్నపూర్ణ కొండలు. వీసా అక్కర్లేదు, మన 100 వాళ్ళ 160. ఖాట్మండు నుంచి పోఖరా బస్సులో రోజంతా పడుతుంది, విమానంలో అరగంట లోపే, కాకపోతే వాతావరణం బాగోకపోతే ఆ విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, కాబట్టి సోమవారం ఆఫీసు మీటింగ్ పెట్టుకోకండి. అక్టోబరు చివర, నవంబరు మంచి కాలం. దసరా రోజుల్లో వద్దు, వాళ్ళకీ అదే పెద్ద పండగ, బస్సులు కిటకిటలాడతాయి. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ తీసుకెళ్ళండి, మీ వయసు వాళ్ళకి విమానం ఎక్కడానికి ఆధార్ పనికిరాదు.