ఆర్సీఎం ఇంటికి కోడలుగా వెళ్లబోయే బిడ్డకు

బిడ్డా,

ప్రభువు నామంలో వందనాలు. పెళ్లి కుదిరిన వారానికే, వాళ్ల నమ్మకాలకూ మనవాటికీ తేడా ఏంటి, ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలి అని అడిగావు, మంచిదైంది. పెళ్లయ్యాక అడిగితే అవి ప్రశ్నల్లా ఉండవు, అలకల్లా ఉంటాయి. దేవరకొండ ఎంబీ (మెన్నోనైట్ బ్రదరన్) చర్చిలో పెరిగిన పిల్ల నల్లగొండలో ఆర్సీఎం (రోమన్ కతోలిక) ఇంటికి పోతే మొదటి ఇబ్బంది వచ్చేది వాళ్ల ఆరాధనలో, అంటే పూజలో, సత్ప్రసాదం (ఫాదర్ ఆశీర్వదించిన అప్పం) పంచేటప్పుడే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

"అత్తమ్మ లైన్లోకి రమ్మంటే వెళ్లనా?" అని అడిగావు. వెళ్లి తీసుకోకు. ఫాదర్ అప్పాన్ని చూపిస్తూ "క్రీస్తు శరీరం" అంటారు. తీసుకునేవాళ్లు "ఆమెన్" అంటారు. ఆ ఆమెన్‌లో రెండు ఒప్పుకోళ్లున్నాయి. ఇది ఇప్పుడు రొట్టె కాదు, క్రీస్తే అన్నది ఒకటి. పోపుగారితో, మేత్రాణులతో (బిషప్పులతో) ఏకమై ఉన్న శ్రీసభలో, అంటే కతోలిక సభలో, నేనూ ఒకదాన్ని అన్నది రెండోది. నువ్వు ఈ రెండూ నమ్మడం లేదు. నమ్మని మాటకు అంత పవిత్రమైన చోట ఆమెన్ అనడం వాళ్ల విశ్వాసానికీ మర్యాద కాదు, నీ విశ్వాసానికీ కాదు. వాళ్ల చట్టం 844వ నిబంధన కూడా కతోలికులకే ఇవ్వమంటుంది. ప్రాణాపాయం లాంటి సందర్భాలకు మినహాయింపులున్నాయి గానీ, అత్తగారి మొహమాటం వాటిలో లేదు.

చేయాల్సింది ఇది. బెంచీ మధ్యలో కూర్చోకు, చివర కూర్చో. లైన్ కదిలినప్పుడు నీ మోకాళ్లు దాటుకుంటూ పది మంది పోవాల్సిన పని ఉండదు. కొన్ని విచారణల్లో, అంటే వాళ్ల స్థానిక సంఘాల్లో, చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ అప్పం ఇవ్వకుండా ఆశీర్వదిస్తారు. అన్ని చోట్లా ఆ అలవాటు ఉండదు, ముందే కనుక్కో. లేదంటే నీ చోట నువ్వే తల వంచి ప్రార్థన చేసుకో, ఎవరూ ఏమీ అనుకోరు. పొరపాటున అప్పం చేతిలో పెట్టేస్తే దాంతో బెంచీ దాకా నడవకు, అక్కడే ఫాదర్‌కు తిరిగి ఇచ్చేయ్. కొందరు తెలియక దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, చంకలో ఉన్న పిల్లాడికి సగం తుంచి పెడతారు. మనకది గుర్తుగా దాచుకున్న రొట్టె. వాళ్లకది సాక్షాత్తూ ప్రభువును సంచిలో వేసుకుపోవడం. పూజయ్యాక మిగిలినదాన్ని దీపం వెలిగే పెట్టెలో ఎందుకు భద్రం చేస్తారో, దాని ముందు మోకాలు ఎందుకు వంచుతారో దీన్ని బట్టే అర్థం చేసుకో.

వాళ్ల బోధ సూటిగా చెప్పాలంటే, గోధుమ అప్పం రంగు, రుచి, వాసన ఏవీ మారవు, అసలు పదార్థమే మారి క్రీస్తు శరీరమవుతుంది. 1215లో నాలుగో లాటరన్ సభ (మేత్రాణుల మహా సమావేశం) ఈ మార్పుకు పేరు వాడింది, 1551లో ట్రెంట్ సభ గట్టిగా ఖాయం చేసింది. "ప్రొటెస్టెంట్లమంతా అది గుర్తు మాత్రమే అంటాం" అని మాత్రం వాళ్ల ముందు అనకు. అది నిజం కాదు. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గులో, పోపు నుంచి విడిపోయిన సంస్కర్తలు లూథరూ, జ్వింగ్లీ మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. 15 అంశాల్లో 14 ఒప్పుకున్నారు, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) దగ్గరే విడిపోయారు. లూథర్ "ఇది నా శరీరము" అన్న మాటను లాటిన్‌లో సుద్దముక్కతో మేజా మీద రాసుకుని, దాన్నుంచి కదలనన్నాడు. గుంటూరు వైపు లూథరన్ సంఘాలు ఆ లైన్. రొట్టె రొట్టెగానే ఉంటుంది, దానితో పాటు క్రీస్తు శరీరమూ నిజంగా ఉంటుందంటారు. మన ఎంబీ వాళ్లం, బాప్తిస్టులం జ్వింగ్లీకి దగ్గర: జ్ఞాపకార్థం. మరో సంస్కర్త కాల్విన్ మధ్యలో నిలబడ్డాడు: రొట్టె మారదు, కానీ విశ్వాసంతో తినేవాడికి ఆత్మ ద్వారా క్రీస్తు నిజంగానే దొరుకుతాడు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లలో ఈ మూడు రకాల వాళ్లూ కనిపిస్తారు.

వాదం వస్తే యోహాను 6 తెరుస్తారు. నువ్వు నేరుగా 63వ వచనానికి దూకి "శరీరం నిష్ప్రయోజనం అన్నాడు కదా" అనేస్తే వాళ్ల వాదం నీకు అర్థం కానట్టే. 52 నుంచి వరుసగా చదువు. జనం గొణుక్కుంటే ఆయన మాట మెత్తబరచలేదు, ఇంకా గట్టిగా చెప్పాడు. 66లో చాలామంది శిష్యులు వెనక్కి పోయినా "నేనన్నది ఉపమానం, రండి" అని పిలవలేదు. వాళ్ల బలం అక్కడుంది. మన బలం 35లో ఉంది: నా దగ్గరికి వచ్చేవాడికి ఆకలి ఉండదు, నన్ను నమ్మేవాడికి దాహం ఉండదు. తినడం, తాగడం అంటే రావడం, నమ్మడం అని ఆయనే ముందు విప్పి చెప్పాడని మనం అంటాం. లూథర్ అయితే ఈ అధ్యాయం బల్ల గురించి కాదనే అన్నాడు, ఆయన పట్టుకున్నది కడరాత్రి భోజనం నాటి మాటనే. ఈ సంగతి చెబితే మీ ఆయన ఆశ్చర్యపోతాడు, ముచ్చట కొంచెం చల్లబడుతుంది కూడా.

తిరుగు సంగతి కూడా చెప్పాలి. మీ ఆయన మన చర్చికి వచ్చిన రోజున ద్రాక్షరసం ట్రే బెంచీ వెంట వస్తుంది. వాళ్ల సభ నియమం ప్రకారం అతను అది తీసుకోకూడదు. ట్రే చేతిలోకి రాగానే పక్కవాళ్లకు అందించేస్తాడు. అప్పుడు మోచేత్తో పొడవకు. "మా బల్ల నీకు పనికిరాదా" అని ఇంటికొచ్చాక అడగకు. నువ్వు వాళ్ల పూజలో కూర్చుండిపోయినప్పుడు అతను ఎలా ఓర్చుకున్నాడో ఇదీ అలాగే.

ఇక రక్షణ. మనవాళ్లు కొత్తవాళ్లను చూడగానే "రక్షణ పొందారా? ఎప్పుడు?" అంటారు. మీ మామగారికి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. వాళ్లకది జ్ఞానస్నానంతో (బాప్తిస్మంతో) మొదలై చివరి ఊపిరి దాకా నడిచే దారి, తేదీ అడిగితే ఏం చెప్తారు? అడగాలనిపిస్తే "దేవుని ముందు నిలబడ్డప్పుడు మీ ధైర్యం దేనిమీద?" అని అడుగు, జవాబు విని నువ్వే సగం ఆమెన్ అంటావు. "ఆర్సీఎం వాళ్లు క్రియలతో రక్షణ అంటారు" అన్నది మన పుల్పిట్ల మీద తరచు వినబడే తప్పు. కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడవుతాడనేవాడిని ట్రెంట్ సభే 1547లో, నీతిమంతత్వం మీద పెట్టిన మొట్టమొదటి నిబంధనలోనే శాపగ్రస్తుడంది. అసలు తేడా ఇంకొక చోట ఉంది. మనం దేవుడు మనల్ని నీతిమంతులుగా *ఎంచుతాడు* అంటాం. వాళ్లు కృప లోపలికి వచ్చి నిజంగా నీతిమంతులుగా *చేస్తుంది*, అది పెరగగలదు, ఘోరపాపంతో పోగొట్టుకోనూ గలం అంటారు. పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అవసరం అందులోంచే వచ్చింది.

ఇక్కడ తెలుగు చేసే చిన్న తమాషా ఒకటి చూడు. రోమా 3:28లో మన పాత తెలుగు బైబిల్ "విశ్వాసమువలననే" అంటుంది. ఆ చివరి "నే" గ్రీకులో ప్రత్యేకంగా లేదు. లూథర్ 1522లో జర్మన్‌లోకి తర్జుమా చేస్తూ "మాత్రమే" చేర్చినందుకు ఎంత లొల్లి అయ్యిందో, మనకు ఒక్క అక్షరంలో అదే పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. యాకోబు 2:24లో "విశ్వాసమూలమున మాత్రము కాక" అని ఉంటుంది. రెండిటినీ ఢీకొట్టించకుండా నాలుగు చోట్ల వేళ్లు పెట్టి చదువు: ఆదికాండం 15:6, ఆదికాండం 22, రోమా 4, యాకోబు 2. పౌలూ యాకోబూ ఇద్దరూ అబ్రాహాము గురించిన అదే 15:6 ఎత్తుకుంటారు. పౌలు అతను నమ్మిన రాత్రిని చూపిస్తే, యాకోబు ఏళ్ల తర్వాత ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన పొద్దును చూపిస్తాడు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్యా, కతోలిక సభా నీతిమంతత్వం మీద ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి, 2006లో మెథడిస్టులూ చేరారు. గొడవ పూర్తిగా తీరలేదు, పదును మాత్రం తగ్గింది. బల్ల విషయంలో అలాంటి ఒప్పందం లేదు. అందుకే దాని గురించే ఎక్కువ రాశాను.

గ్రంథం సంగతి. ఇంట్లో రెండు బైబిళ్లు ఉంటాయి, ఒకదాంట్లో 66 పుస్తకాలు, ఇంకోదాంట్లో 73. ఎక్కువున్న ఏడు: తోబితు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని గ్రంథం, బారూకు. ఎస్తేరు, దానియేలులో కూడా కొన్ని భాగాలు ఎక్కువ. "మీరు చేర్చారు" అంటే "మీరు తీసేశారు" అంటారు. రెండు మాటలూ తొందరపాటే. లూథర్ 1534 బైబిల్లో వాటిని విడిగా మధ్యలో పెట్టాడు, పారేయలేదు. ట్రెంట్ సభ 1546లో అవీ పరిశుద్ధ గ్రంథమేనని తేల్చింది. నవంబరు 2న సమాధుల దగ్గర మృతుల కోసం ప్రార్థిస్తే, దానికి వాళ్లు చూపించేది 2 మక్కబీయులు 12. నీ బైబిల్లో ఆ పేజీయే లేదు కాబట్టి వచనం చూపించమని పట్టుబడితే ఎటూ తేలదు.

పది ఆజ్ఞల దగ్గర ఇంకో గుంత ఉంది. "ఆర్సీఎం వాళ్లు విగ్రహాల ఆజ్ఞ తీసేశారు" అని విని ఉంటావు. వాళ్ల నిర్గమ 20:4 తెరిచి చూడు, అక్కడే ఉంటుంది. వాళ్లు దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశించవద్దన్నదాన్ని చివర రెండుగా విడదీస్తారు. లూథరన్లదీ అదే లెక్క. కాబట్టి "రెండో ఆజ్ఞ" అని అంకెతో మాట్లాడకు, మాటతో మాట్లాడు.

లేఖనానికి అర్థం ఎవరు చెప్పాలన్నదే ఈ తేడాలన్నిటికీ మూలం. వాళ్లకు లేఖనమూ, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయమూ కలిపి ఒక్క నిధి. దాని అర్థం పోపు, మేత్రాణుల చేతిలో. ఆ అధికారం వాక్యం కంటే పైన కాదు, వాక్యానికి దాసి అని 1965లో రెండో వాటికన్ సభ రాసింది. మనకు లేఖనమే చివరి కొలత, పౌలు మాటలను కూడా లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరి వాళ్లలా పరిశీలించుకోవాలి. అలాగని ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవడం కాదు, ఎంబీ సంఘానికీ విశ్వాస ప్రమాణం రాసి ఉంది. నిజం చెప్పాలంటే, "బైబిల్ ఒక్కటే" అనే మన చర్చిల్లో ఎన్ని చోట్ల పాస్టరు మాటే చివరి మాట కాదు? పోపు గురించి మాట్లాడే ముందు అదీ గుర్తుంచుకో.

మరియ మాత, జపమాల గురించి ఇప్పుడే తవ్వకు. ఆరు నెలలు ఆ ఇంట్లో ఉండి చూశాక ప్రశ్నలు వాటంతటవే మంచిగా వస్తాయి.

పెళ్లి పనులు. నీలాంటి జంటకు మేత్రాణుల అనుమతి కావాలి. పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి తనవంతు అంతా చేస్తానని మాట ఇవ్వాల్సింది అబ్బాయి, నువ్వు కాదు. కానీ ఆ మాట సంగతి నీకు తెలియజేయాలి. పిల్లలు ఎదిగి, నమ్మాకే ముంచాలని నమ్మేదానివి నువ్వు, పసివాడికే నీళ్లు పోయాలనే మాట అతనిది. ఇది పెళ్లికి ముందే, ఇద్దరే కూర్చుని మాట్లాడుకోండి, పెద్దలెవరూ లేకుండా. పెళ్లి పూజతో కాకుండా వివాహ విధి మాత్రమే జరపమని ఫాదర్‌ను అడగండి. మిశ్రమ వివాహాలకు అలా చేస్తారు, సత్ప్రసాదం దగ్గర హాలు రెండు ముక్కలయ్యే ఇబ్బందీ ఉండదు.

నీ బాప్తిస్మాన్ని వాళ్లు ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. నీళ్లతో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో జరిగి ఉండాలి, అంతే. "యేసు నామంలో" మాత్రమే ఇచ్చినదైతే ఒప్పుకోరు. అందుకని పాస్టరుగారి దగ్గర సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు తేదీ, చర్చి పేరుతో పాటు ఏ నామంలో ఇచ్చారో కూడా రాయించుకో. లేకపోతే ఆ ఒక్క లైను కోసం నల్లగొండ నుంచి దేవరకొండకు మళ్లీ బస్సెక్కాల్సి వస్తుంది.

మీ మామయ్య