రనేవ్‌స్కయా మీద రాసే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సోవియట్ సినిమాల్లో చిన్న వేషాలు వేసిన ఫైనా రనేవ్‌స్కయా మీద వ్యాసం రాస్తున్నావంటే సంతోషమేసింది. నువ్వు పంపిన మొదటి పేజీ చూశాక మాత్రం కాస్త బెంగ పట్టుకుంది. ఆవిడ విసిరినవంటూ ఏడు జోకులున్నాయి, నటన గురించి ఒక్క ముక్క లేదు.

ముందు ఆ జోకులు తీసెయ్. ఆవిడ నాలుక పదునైనదే, కాదనను. కానీ మనవాళ్లు చమత్కారం కనిపిస్తే చాలు తెనాలి రామకృష్ణుడి ఖాతాలో వేసినట్టు, అక్కడ ఆవిడ ఖాతాలో వేస్తారు. ఒకప్పుడు నేనూ ఓ వ్యాసంలో అలాంటిది ఇరికించాను. అది ఇంకెవరో అన్నమాటని ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పుట్టుపూర్వోత్తరాలు అరపేజీ దాటనివ్వకు. 1896లో తగన్‌రోగ్‌లో కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. ఇంటిపేరు ఫెల్ద్‌మన్. అదే ఊరివాడైన చెహోవ్ రాసిన ‘చెర్రీ తోట’లోని పాత్ర పేరు తనకు పెట్టుకుంది. విప్లవం రోజుల్లో అమ్మానాన్నలు దేశం విడిచి వెళ్లిపోతే, నాటకాల మీద మమకారంతో తను ఉండిపోయింది. 1984లో మాస్కోలో పోయింది. ఇది చాలు.

మిగతా చోటంతా తెరకివ్వు. మిఖయిల్ రోమ్ తీసిన ‘పీష్కా’ (1934) మూకీ. మాట ఎలాగూ వినపడదు. అయినా ఆ సినిమాకి మూలమైన మొపాసా కథ ఫ్రెంచిలో తెచ్చుకుని, తన మాటలు ఆ భాషలోనే బట్టీ పట్టింది. నలభైకి దగ్గరపడుతూ మొదటి సినిమా చేస్తున్న మనిషి పడ్డ పాట్లు ఇవి!

1947 నాటి ‘సిండ్రెల్లా’లో సవతి తల్లి వేషం చూడు. విందులో తల్లీకూతుళ్లు రాజుగారింటివాళ్లు తమ మీద చూపిన ఆదరణకి పద్దు రాస్తారు. రాకుమారుడు మూడుసార్లు చూశాడు, ఒకసారి నవ్వాడు, ఒకసారి నిట్టూర్చాడు, వెరసి అయిదు. ‘ఇక్కడ గాలి కొడుతోంది, లోపలికి పదండి’ అని రాజుగారన్న మర్యాద మాట కూడా పద్దులోకెక్కుతుంది. వడ్డీ లెక్క చూసుకుంటున్నంత సీరియస్‌గా ఉంటుంది ఆ మొహం. నవ్వించాలన్న యావ ఎక్కడా కనపడదు. ఆ ఒక్క సీన్ మీద ఒక పేజీ రాయి, ఎక్కువేం కాదు.

1939 నాటి ‘పద్కీదిష్’లో ‘మూల్యా, నన్ను నెర్వస్ చేయకు’ అని మొగుణ్ణి కసిరే మాట దేశమంతా పట్టుకుంది. ఇక జన్మంతా వీధిలో పిల్లలు అదే అరుస్తూ వెంటపడేవాళ్లు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. ఇది సరదా కబురులా దాటెయ్యకు. అన్నేళ్లు రంగస్థలం మీద నలిగిన మనిషిని జనం ఒక్క మాటకి కుదించేశారంటే ఆ బాధ చిన్నదా?

ఇంకో సంగతి తప్పకుండా రాయి. దర్శకుడు ఐజెన్‌స్టైన్ తన ‘ఇవాన్ ది టెరిబుల్’ సినిమాలో యెఫ్రోసీన్యా అనే రాజబంధువు వేషానికి ఆవిడనే కోరుకున్నాడు. క్లోజప్‌లలో యూదు పోలికలు బయటపడుతున్నాయని 1942లో సినిమా కమిటీ పెద్ద అడ్డం కొట్టాడు. అదే రాజ్యం తర్వాత మూడుసార్లు స్టాలిన్ బహుమతి ఇచ్చింది, 1961లో ‘సోవియట్ ప్రజా కళాకారిణి’ని చేసింది. బిరుదులకు లోటు రాలేదు. సినిమాల్లో తన స్థాయి వేషాలకే కరువు. దీన్ని కన్నీటి కథ మాత్రం చేయకు, ఆవిడకి నచ్చేది కాదు. ఆత్మకథ రాసి తనే చించేసుకున్న మనిషి.

అన్నట్టు, రంగులద్దిన ‘సిండ్రెల్లా’ ప్రింటు ఒకటి తిరుగుతోంది. దాని జోలికి పోకు, నలుపు తెలుపుదే చూడు. మొదటిసారి సౌండ్ తీసేసి చూడు, ఆ కనుబొమలు ఏం చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. తిరగరాశాక పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్లజోడు ఇంకా మార్పించుకోలేదు.

పెదనాన్న