బియ్యం ‘నిండుకోవడం’ తప్పు తెలుగా?

సందేహం: నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. పెళ్ళయి విజయనగరం వచ్చి ఆరు నెలలైంది. మొన్న మా అత్తగారు వంటింట్లోంచి “బియ్యం నిండుకున్నాయమ్మా” అన్నారు. డబ్బా నిండుగా ఉంది కాబోలనుకుని సరుకుల చీటీలో బియ్యం రాయలేదు. రాత్రి మూత తీస్తే అడుగున గుప్పెడు గింజలే ఉన్నాయి. ఒకటే టెన్షన్! అయిపోయినవాటిని నిండాయనడం తప్పు కాదా? ‘అయిపోయాయి’ అనకూడదా?

సమాధానం: తప్పు కాదమ్మా. మీ అత్తగారు చక్కని తెలుగు మాట్లాడారు. అన్నం పెట్టే గింజను ‘లేదు’ అనడానికి నోరు రాని ఇల్లాళ్ళ మాట ఇది. ఇంట్లో లేదు లేదు అంటే పైన తథాస్తు దేవతలు వింటారని పెద్దవాళ్ళ భయం.

మాటలోని తేడా చూడండి. కుండ నిండింది, చెరువు నిండింది అంటాం. అక్కడ కర్త దేన్నైనా పట్టి ఉంచే పాత్ర. ‘బియ్యం నిండుకున్నాయి’లో కర్త పాత్ర కాదు, లోపలి సరుకు. పైగా క్రియకు ‘కొను’ చేరింది. ఈ రెండు గుర్తులూ పట్టుకుంటే పొరబడరు. ‘నూనె ఇంకా నిండుకోలేదు’ అంటే కొంచెం మిగిలి ఉందనే. ఈ లెక్కనే, పత్రికల్లో కనబడే ‘ఖజానా నిండుకుంది’ నాకు నచ్చదు. ఖజానా సొమ్ముండే చోటు కదా, అది నిండిందో ఖాళీ అయిందో చదివేవారికి తేలదు. ‘నిధులు నిండుకున్నాయి’ అని రాస్తే ఇబ్బంది లేదు.

భాషాశాస్త్రంలో ఇలాంటివాటిని సభ్యోక్తులంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటాం, నల్లపూసలు తెగితే పెరిగాయంటాం. గడప దాటేవాళ్ళు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో అయితే ‘ఎల్లొస్తాను’. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టడం నా చిన్నతనంలో చెవులారా విన్నాను. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు గానీ, ‘అమ్మవారు పోసింది’ అన్న మాట పోలేదు. ఆటలమ్మ వచ్చిన పిల్లల ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

‘అయిపోయాయి’ కూడా మంచి తెలుగే, కొట్టువాడితో నిస్సంకోచంగా అనండి. ఇంట్లో మాత్రం, ముఖ్యంగా దీపాలు పెట్టేవేళ, అత్తగారి మాటే మీరూ అలవాటు చేసుకోండి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం నోట్లో ఉన్న భాషకు గౌరవం ఇమ్మనే జీవితమంతా పోరాడారు. వంటింటి మాటకూ ఆ గౌరవం దక్కాలి.

డబ్బా అడుగున గుప్పెడు గింజలున్నాయన్నారు. అవి పొరపాటున మిగిలినవి కాకపోవచ్చు. మా మామ్మ బియ్యం ఎప్పుడూ అడుగంటా తీయనిచ్చేది కాదు. “నిండుకున్నాయిరా” అని నన్ను కేకేసి, ఆ గుప్పెడు గింజల మీదే కొత్త బియ్యం పోయించేది.